హైడ్ గ్లూతో సందు కనపడని అతుకు: ఆ ఒక్క నిమిషానికి ముందు చెయ్యాల్సిన పనంతా

హైడ్ గ్లూ (జంతువుల తోలు నుంచి చేసే జిగురు) వేసి చెక్కలు అతికిస్తే గీత లావుగా కనపడుతోంది, క్లాంప్ (ముక్కల్ని కలిపి బిగించి పట్టే పనిముట్టు) ఇంకాస్త గట్టిగా బిగించాల్సిందా అని అడిగేవాళ్లు చాలామంది. క్లాంప్ తప్పేం లేదండీ అందులో. ఈ జిగురు ఒకసారి చల్లబడి జెల్లీ అయిపోయాక మీరు ఎంత బిగించినా అది పక్కకి పోదు, రెండు చెక్కల మధ్య అలాగే కూర్చుంటుంది, ఎండాక ఆ మందమే మీకు గీతలాగా కనపడుతుంది. గీత సన్నగా రావాలంటే రెండే రెండు చూసుకోవాలి, చిత్రిక పని ఎంత శుభ్రంగా ఉంది, జిగురు తగిలే టైమ్‌కి చెక్క ఎంత వెచ్చగా ఉంది. క్లాంప్ వంతు వీటి తర్వాతే వస్తుంది, కొన్ని అతుకులకి అసలు క్లాంపే అక్కర్లేదు.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో ఒక్క ముక్కలో చెప్పేస్తాను, మిగతా రూల్స్ అన్నీ ఇందులోంచే వస్తాయి. జంతువుల తోలులో ఉండే కొల్లాజెన్‌ని ఉడికించి తీసిన ప్రోటీన్ ఇది, తినే జెలటిన్‌కి దగ్గరి చుట్టం. వేడిగా ఉన్నప్పుడు పల్చటి ద్రవం, సుమారు 35 డిగ్రీలకి దిగేసరికి జెల్ కట్టేస్తుంది, ఆ తర్వాత లోపలి నీళ్లు చెక్కలోకీ గాలిలోకీ పోతూ ఉంటే కుంచించుకుంటూ గట్టిపడుతుంది. అంటే పట్టు రెండు దఫాలుగా వస్తుంది, మొదటిది చల్లారడం వల్ల, నిమిషంలోపే; రెండోది ఎండడం వల్ల, గంటల తరబడి. ఆ కుంచించుకునే బలం ఎంతంటే గాజు మీద మందంగా పూసి పూర్తిగా ఎండనిస్తే గాజు పైపొరని పెచ్చులు పెచ్చులుగా లాగేస్తుంది, చిప్డ్ గ్లాస్ అని డెకరేషన్‌కి వాడే అద్దాలు అలాగే చేస్తారు. అతుకు కరెక్టుగా కుదిరి ఉంటే ఈ లాగుడు మనకి పనికొస్తుంది, సందు ఉంటే మాత్రం నింపదు, జిగురే కుంచించుకుపోయి పగుళ్లు తేలుతుంది. సందులు నింపే జిగురు కావాలంటే ఎపాక్సీకి వెళ్లండి, ఇది ఆ పనికి కాదు.

ఏ గ్రేడ్ కొనాలి

ప్యాకెట్ మీద గ్రామ్ స్ట్రెంగ్త్ అని ఒక నంబర్ ఉంటుంది. తయారుచేసిన జెల్లీలోకి ఒక చిన్న గుండ్రటి కడ్డీని 4 మిల్లీమీటర్లు దించడానికి ఎన్ని గ్రాముల బరువు పట్టిందన్నదే ఆ నంబర్. నంబర్ పెరిగేకొద్దీ జెల్ గట్టిగా, తొందరగా కడుతుంది, అంటే మీ చేతిలో ఉండే టైమ్ తగ్గిపోతుంది. ఫర్నిచర్ పనికి 192 సరిగ్గా సరిపోతుంది, గిటార్, వయొలిన్ చేసేవాళ్లు 251 దాకా వెళ్తారు. కొత్తవాళ్లు ఎక్కువ నంబర్ అంటే ఎక్కువ మంచిది అనుకుని 315 లాంటివి కొనేస్తారు, అది చిన్న చిన్న ముక్కలకి తప్ప పెద్ద పలకలకి పనికిరాదు, బ్రష్ తీసే లోపే పట్టేస్తుంది. 192 కూడా చెక్క కంటే బలంగానే పడుతుంది, కాబట్టి బలం కోసమని పైకి వెళ్లాల్సిన పనేం లేదు.

నానబెట్టడం, వేడి చెయ్యడం

తూకం వేసుకోండి, గరిటెల లెక్క వద్దు. 50 గ్రాముల గ్లూకి 90 గ్రాముల చల్లటి నీళ్లు, ఇక్కడ మొదలుపెట్టండి. సన్న రవ్వలాగా ఉండే గ్లూ అయితే అరగంట నుంచి గంటలో నానిపోతుంది, ముత్యాల్లాంటి పెద్ద గుళికలు అయితే రాత్రంతా ఉంచడం మేలు. నీళ్లన్నీ పీల్చుకుని ఉబ్బి, వేళ్లతో నలిపితే మధ్యలో గట్టి పలుకు తగలకపోతే నానినట్టే. తొందరపడి వేడి నీళ్లు పోసేస్తే పైన జిగటగా అయి లోపల ఉండలు మిగిలిపోతాయి.

తర్వాత నేరుగా మంట మీద ఎప్పుడూ పెట్టకూడదు. గిన్నెలో నీళ్లు, ఆ నీళ్లలో గ్లూ ఉన్న గాజు సీసా, ఇంతే. గ్లూ 60 డిగ్రీలకి రావాలి, అక్కడే ఉండాలి. 70 దాటించి అలా ఉంచేస్తే ప్రోటీన్ గొలుసులు తెగిపోయి బలం పడిపోతుంది, మరిగిస్తే ఇంక చెప్పక్కర్లేదు. అందుకే ఒక థర్మామీటర్ కొనుక్కోండి, ఈ మొత్తం సెటప్‌లో నేను తప్పనిసరి అనేది అదొక్కటే. పాల సీసాలు వెచ్చబెట్టే చిన్న ఎలక్ట్రిక్ వార్మర్ ఉంటే ఇంకా హాయి, కాకపోతే అందులోనూ ఎంత వేడి వస్తోందో ఒకసారి కొలిచి చూసుకోవాలి. ఇనుప డబ్బా మాత్రం వాడకండి, ఇనుము తగిలితే గ్లూ రంగు మారుతుంది, టానిన్ (చెక్కలో ఉండే వగరు పదార్థం) ఎక్కువున్న ఓక్ లాంటి చెక్కల మీద నల్లటి మరకలు పడతాయి. బ్రష్‌కి ఇనుప పట్టీ ఉన్నా అదే గొడవ.

చిక్కదనం చూడ్డానికి బ్రష్ ముంచి పైకెత్తండి. ధార తెగకుండా, చప్పుడు లేకుండా, వెచ్చటి తేనెలాగా జారాలి. చుక్కలు చుక్కలుగా పడితే మరీ పల్చన, ముద్దలుగా వదిలితే మరీ చిక్కన, ఒక స్పూను వేడి నీళ్లు కలపండి. ఇంకో టెస్టు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక చుక్క పెట్టి మెల్లగా ఒత్తి వదులుతూ ఉండండి, పది పదిహేను సెకన్లకి జిగట పెరిగి సన్నటి దారాలు సాగుతాయి, ఆ దారాలు రాకుండా వేళ్లు జారుతూనే ఉంటే ఆ గ్లూ పాడైంది, లేదా నీళ్లు ఎక్కువయ్యాయి. పైన నురగ ఉంటే పక్కకి తీసేయండి, గీతలో బుడగ ఉన్న చోట జిగురు లేనట్టే లెక్క.

టైమ్ ఇంకాస్త కావాలంటే యూరియా కలపొచ్చు, పొడి గ్లూ బరువులో 10 శాతం దాకా, అది జెల్ కట్టే వేడిని కిందికి దింపుతుంది. ఎక్కువ అంచులు ఒకేసారి అతికించాల్సిన డవ్‌టెయిల్ డ్రాయర్లకి (మూలలు పావురం తోక ఆకారపు పళ్లతో ఒకదాంట్లో ఒకటి కూర్చునే సొరుగులు) నేను యూరియా వెయ్యడానికే ఓటేస్తాను. రెండు పలకల అంచు జోడించడానికి మాత్రం వద్దు, అక్కడ తొందరగా పట్టడమే మనకి కావాల్సింది.

అంచు కుదర్చడం: అసలు పని ఇక్కడే

రెండు పలకలు పక్కపక్కన అతికించి వెడల్పు చెయ్యాలనుకోండి. ముందు రెండింటినీ పుస్తకం మూసినట్టు ముఖం ముఖం ఆనేలా మడిచి, వైస్‌లో (బల్లకి అమర్చిన బిగింపు పనిముట్టు) కలిపి బిగించి, రెండు అంచుల మీద ఒకేసారి చిత్రిక పట్టండి. ఇలా ఎందుకంటే మీ చిత్రిక కొంచెం వాలి 90కి బదులు 89 డిగ్రీలు వచ్చినా, పలకలు తెరిచి పక్కపక్కన పెట్టినప్పుడు రెండోదానికి 91 వస్తుంది, రెండూ కలిసి తప్పు కొట్టేసుకుంటాయి, పలక చదునుగానే వస్తుంది. పని మొదలుపెట్టే ముందు బ్లేడ్ సాన పట్టి, సన్నటి పొట్టు వచ్చేలా సెట్ చేసుకోండి. చివరి తోపుకి ఈ చివర నుంచి ఆ చివరిదాకా రెండు అంచుల నుంచీ తెగకుండా ఒకే మందం పొట్టు రావాలి, మధ్యలో తెగితే అక్కడ పల్లం ఉన్నట్టు.

తర్వాత పరీక్ష. ఒక పలకని వైస్‌లో అంచు పైకి పెట్టి రెండోదాన్ని దాని మీద నిలబెట్టండి, ఒక చివర వేలితో పక్కకి నెట్టండి. మధ్యలో మేకు కొట్టినట్టు పలక సులువుగా గిర్రున తిరిగిందంటే మధ్యలో ఎత్తు ఉంది. చివర్ల దగ్గర పట్టి పట్టి గీసుకుంటూ తిరిగితే పరవాలేదు. ఇప్పుడు వెనకాల లైట్ పెట్టి కళ్లు గీత ఎత్తుకి దించి చూడండి. కాగితం మందంలో పదో వంతు సందున్నా వెలుగు కనపడిపోతుంది, కన్ను ఈ విషయంలో ఏ గేజ్‌కీ తీసిపోదు. ఎక్కడ వెలుగు రాలేదో అక్కడ ఎత్తు, అక్కడే ఒకటి రెండు పొట్టులు తీసి మళ్లీ చివరి నుంచి చివరికి ఒక తోపు. పైన ఉన్న పలక ముఖం మీద స్కేలు ఆనించి రెండు పలకలూ ఒకే చదునులో ఉన్నాయో లేదో కూడా చూడండి, అది మర్చిపోతే అతుకు బిగుతుగానే వస్తుంది కానీ పలక మధ్యలో మడత పడుతుంది.

క్లాంప్ వేసే అతుకుకి మధ్యలో ఒక్క పొట్టు మందం పల్లం ఉంచే పద్ధతి ఉంది, క్లాంప్ ఆ పల్లాన్ని మూసినప్పుడు చివర్ల మీద పడే ఒత్తిడి, అవి ముందే ఎండి తెరుచుకోకుండా కాపాడుతుంది. క్లాంప్ లేకుండా రుద్ది అతికించే జాయింట్‌కి (కింద చెప్తాను) మాత్రం ఇది అస్సలు వద్దు, అక్కడ బిగించేది ఏమీ లేదు కాబట్టి పల్లం అంటే సందే.

శాండ్ పేపర్‌తో అంచు తుది మెరుగులు దిద్దడం చాలామందికి అలవాటు. దయచేసి మానేయండి. చేత్తో రాసిన పేపర్ అంచు మూలల్ని గుండ్రం చేస్తుంది, బయటికి కనపడే గీత సరిగ్గా ఆ మూలల దగ్గరే ఉంటుంది, పైగా దుమ్ము రంధ్రాల్లో నిండుతుంది. మొద్దుబారిన మెషిన్ బ్లేడుతో తీసిన అంచూ అంతే, పీచు నలిగిపోయి మెరుస్తూ ఉంటుంది, జిగురు లోపలికి ఇంకదు. చిత్రిక పట్టిన రోజే అతికించేయండి. నూనె ఎక్కువున్న టేకు, రోజ్‌వుడ్ లాంటి చెక్కలైతే అతికించే ముందు ఎసిటోన్‌తో తుడిచి, అది ఎగిరిపోగానే మొదలుపెట్టండి.

గది, చెక్క, ముందు రిహార్సల్

ఫ్యాన్ ఆపేయండి, కిటికీ మూసేయండి. గాలి తగిలితే పూసిన పొర మీద క్షణాల్లో తెట్టు కడుతుంది. గది వెచ్చగా ఉంటే మీ పని సగం తేలిక. దానికంటే ముఖ్యం చెక్క వెచ్చగా ఉండడం, ఎందుకంటే 60 డిగ్రీల గ్లూని 20 డిగ్రీల చెక్క మీద పూస్తే ఆ పల్చటి పొర వేడిని చెక్క పీల్చేసుకుంటుంది, గ్లూ ఎంత వేడిగా ఉన్నా లాభం లేదు. హీట్ గన్‌తోనో, హెయిర్ డ్రయ్యర్‌తోనో రెండు అంచుల్నీ వెచ్చబెట్టండి, అరచెయ్యి హాయిగా ఆనించి ఉంచగలిగేంత వేడి చాలు. అంతకు మించి కాల్చేస్తే అంచు ఎండి, మీరు అంత కష్టపడి తీసిన లైన్ వంకర పోతుంది.

గ్లూ లేకుండా మొత్తం పని ఒకసారి చేసి చూడండి. క్లాంపులు కావాల్సినంత తెరిచి, ఏది ఎక్కడ పెట్టాలో ఆ వరసలో పేర్చి, కింద మైనం కాగితం పరిచి, తడిపిన గుడ్డ చేతికందేలా పెట్టుకుని, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. నిమిషం దాటితే ఆ ప్లాన్ పనికిరాదు, ఇంకో మనిషిని పిలవండి, లేదా పనిని రెండు దఫాలు చెయ్యండి. ఇనుప క్లాంప్ దవడలు నేరుగా తగలకుండా మధ్యలో చెక్క ముక్కలు పెట్టండి, చల్లటి ఇనుము కూడా వేడి లాగేస్తుంది.

రుద్ది అతికించడం

సుమారు రెండు మూడు అడుగుల పొడవు లోపు పలకలకి ఇదే నాకు ఇష్టమైన పద్ధతి. ఒక పలక వైస్‌లో అంచు పైకి, రెండోది దాని పక్కనే తెరిచిన పుస్తకంలాగా. బ్రష్ నిండా ముంచి రెండు అంచుల మీదా ఒకే ఊపులో ధారాళంగా పూసేయండి, ఇక్కడ పిసినారితనం పనికిరాదు. వెంటనే పై పలకని మీద పెట్టి, కిందికి ఒత్తుతూ, పొడవునా రెండు మూడు అంగుళాల మేర ముందుకీ వెనక్కీ జరపండి. మొదట్లో సబ్బు నీళ్ల మీద లాగా జారిపోతుంది, ఎక్కువైన గ్లూ రెండు వైపులా బొట్లు బొట్లుగా బయటికి వస్తుంది. నాలుగైదు సార్లు జరిపేసరికి చేతికి బరువు తెలుస్తుంది, లోపలి గాలి పోయి పలక కిందిదాన్ని పట్టుకోవడం మొదలుపెడుతుంది. ఆ బరువు తెలియగానే చివర్లు సరిపోయేలా ఆపేయాలి, ఆ క్షణంలో ఇంకో రెండు సార్లు రుద్దుదాం అని ఆశపడితే మధ్యలో ఎక్కడో బిగుసుకుపోతుంది, విడదీయడం తప్ప దారి ఉండదు. ఆపాక రెండు చేతులతో ఒక నిమిషం అలాగే ఒత్తి పట్టుకుని, వదిలేసి పక్కకి వెళ్లిపోండి. అరగంట ఆగాక జాగ్రత్తగా వైస్ నుంచి తీసి, రెండు పలకలకీ ఆసరా దొరికేలా గోడకి వాలుగా నిలబెట్టండి.

పొడవు ఎక్కువైతే క్లాంపులు తప్పవు. పూయడం అదే, ఒత్తడం మాత్రం మధ్య నుంచి మొదలుపెట్టి చివర్లకి వెళ్లండి. గీత పొడవునా ఒకే సైజు పూసలు బయటికి వస్తే ఒత్తిడి సమానంగా ఉన్నట్టు. ఎక్కడ పూసలు రాలేదో అక్కడ గ్లూ తక్కువైంది, లేదా అప్పటికే చల్లారిపోయింది.

మోర్టిస్ (గాడి), టెనన్ (అందులోకి దూరే నాలుక) సంగతి వేరు. అక్కడ బయటికి కనపడేది టెనన్ భుజం, అంటే నాలుక మొదట్లో ఉండే మెట్టు, దాని గీత ఒక్కటే, కాబట్టి భుజం లోపలి వైపు ఉలితో ఒక వెంట్రుకవాసి లోతుగా తీసేయండి, బయటి అంచు మాత్రమే ఆనుతుంది, గీత మూసుకుపోతుంది. గాడి అడుగున ఒకటి రెండు మిల్లీమీటర్లు ఖాళీ వదలకపోతే అడుగున చిక్కిన గ్లూ టెనన్‌ని లోపలికి పోనివ్వదు, భుజం తెరుచుకునే ఉంటుంది. వేడి గ్లూ జారుడుగా ఉండి లోపలికి తోయడానికి సాయం చేస్తుంది కానీ సగంలో ఆగితే అక్కడే పట్టేస్తుంది, అందుకే ఒకే ఊపులో అడుగుదాకా. అడ్డకోత ముఖాలు (పీచుకి అడ్డంగా కోసిన చోట్లు) గ్లూని దాహంతో తాగేస్తాయి, వాటికి ముందుగా నీళ్లు కలిపి పల్చన చేసిన గ్లూ ఒక పూత పూసి ఇంకనిచ్చి, తర్వాత అసలు పూత వెయ్యండి.

ఆగాల్సిన టైమ్

బయటికి వచ్చిన గ్లూని వెంటనే తుడవకండి. పదిహేను ఇరవై నిమిషాలకి అది రబ్బరులా అవుతుంది, అప్పుడు ఉలి చదునుగా పెట్టి లాగితే పట్టీలాగా ఊడొస్తుంది. మిగిలిన మరకకి వేడి నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డ చాలు.

క్లాంపులు రాత్రంతా ఉంచండి, అతుకు మీద బరువు పడే పని ఏదైనా 24 గంటల తర్వాతే. పైన చిత్రిక పట్టి చదును చెయ్యడం మాత్రం ఇంకా కొన్ని రోజులు ఆపాలి, చాలామంది ఓపిక పట్టనిది ఇక్కడే. గ్లూలో ఉన్న నీళ్లు అంచు చుట్టూ చెక్కని ఉబ్బిస్తాయి. మీరు మర్నాడే చదును చేస్తే ఆ ఉబ్బు కూడా కోసేస్తారు, తర్వాత నీళ్లు పోయి చెక్క తగ్గినప్పుడు అతుకు పొడవునా సన్నటి పల్లం పడుతుంది, పాలిష్ వేశాక వెలుగులో అది కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

తేడా వస్తే ఎలా చదవాలి

అతుకు ఊడితే రెండు ముఖాల్నీ వెలుగులో చూడండి, కారణం అక్కడే ఉంటుంది. ఒక వైపు మెరిసే నున్నటి గ్లూ పొర, రెండో వైపు దాదాపు ఉత్త చెక్క ఉంటే, అవి కలిసేసరికే గ్లూ జెల్ కట్టేసింది, చెక్క చల్లగా ఉంది. రెండు వైపులా గ్లూ జాడే తక్కువగా ఉంటే చెక్క తాగేసింది, లేదా గ్లూ మరీ పల్చన. గ్లూ పెళుసుగా పొడిపొడిగా రాలితే ఎక్కువ వేడి చేసిన గ్లూ, లేదా సందు ఎక్కువై మందంగా నిలిచిపోయింది. చెక్క పీచులే చిరిగి వస్తే జిగురు పని జిగురు చేసింది, డిజైన్ చూసుకోండి.

మళ్లీ అతికించడానికి పాత గ్లూ మొత్తం గీకక్కర్లేదు, పీవీఏతో (మామూలు తెల్ల చెక్క జిగురు) లేని సౌకర్యం ఇది. వేడి నీళ్లతో తుడిచి వదులుగా ఉన్నది తీసేస్తే చాలు, కొత్త వేడి గ్లూ పాతదాన్ని కరిగించి కలుపుకుంటుంది. కావాలని విప్పాలంటే వేడి, తడి రెండూ కలిపి పెట్టండి, ఆవిరితోనో వెచ్చబెట్టిన పల్చటి కత్తితోనో మెల్లగా విడిపోతుంది. వయొలిన్ పై పలకని పల్చటి గ్లూతో అతికించేది కూడా రిపేరుకి ఎప్పుడైనా తెరవాల్సి వస్తుందనే. ఇదే గుణం వల్ల తడి తగిలే చోట్లకీ, బయట పెట్టే బెంచీలకీ ఇది వద్దు, ఎండలో మూసిన కారులో వదిలేసిన గిటార్ కూడా విడిపోగలదు.

మిగిలిన గ్లూని మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే కొన్ని రోజులు వాడుకోవచ్చు, ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెడితే నెలలు ఉంటుంది, కావాల్సినప్పుడు రెండు ముక్కలు కరిగించుకోవడమే. మళ్లీ మళ్లీ వేడి చేసేకొద్దీ బలం తగ్గుతుంది కాబట్టి ఏ పూటకి ఎంత కావాలో అంతే కరిగించండి. వాసన కుళ్లినట్టు మారినా, బూజు కనపడినా పారేయండి. పొడి గ్లూ మాత్రం తేమ తగలకుండా డబ్బాలో పెడితే ఏళ్లు ఉంటుంది.